బొంగురు గొంతును వాయిదా వేయొద్దు: పెద్దవారి స్వర సమస్యలు, పరీక్ష, చికిత్స, దాతల వంతు



కంటి ఆపరేషన్లకు, డయాలసిస్‌కు, పిల్లల ఫీజులకు మనం ఏటా చందాలు ఇస్తున్నాం. ఇవ్వాలి కూడా. కానీ గొంతు పోయినవారికి సాయం చేద్దామని మనలో ఎంతమందికి తోచింది? ఇందుకు ఒక కారణం ఉంది. కన్ను కనబడనివాడు వచ్చి తన బాధ చెప్పుకుంటాడు. గొంతు పోయినవాడు చెప్పుకోవాలన్నా ఆ గొంతే కావాలి. అందుకే మౌనంగా ఇంట్లో కూర్చుంటాడు. మనం కూడా "జలుబు చేసి ఉంటుందిలే" అనుకుని వదిలేస్తాం.

ఈ వ్యాసం ఆ మౌనం గురించి. పెద్దవారి గొంతు ఎందుకు పాడవుతుంది, ఎప్పుడు పరీక్ష చేయించాలి, ఆ పరీక్షలో ఏం చేస్తారు, స్పీచ్ థెరపీ అంటే ఏమిటి, పద్మనాభం వంటి మండలం నుంచి ఎక్కడికి వెళ్ళాలి, అందులో మన డబ్బు ఏ మెట్టు దగ్గర నిజంగా పనికొస్తుంది అన్నవి వరుసగా చూద్దాం.

ఒక మౌజన్ సాబ్ అనుకుందాం

పద్మనాభం మండలంలో ఒక చిన్న మసీదు, అందులో యాభై ఏళ్ళ మౌజన్ సాబ్ ఉన్నారని అనుకుందాం. రోజుకు ఐదుసార్లు అజాన్ ఇస్తారు. సాయంత్రం పాతికమంది పిల్లలకు ఖురాన్ చదవడం నేర్పుతారు. మధ్యలో కుట్టు మిషన్ మీద నాలుగు రూపాయలు సంపాదించుకుంటారు. మొన్న రంజాన్ చివరి పది రోజుల్లో గొంతు బొంగురుపోయింది. పండగ వెళ్ళాక సర్దుకుంటుందనుకున్నారు. సర్దుకోలేదు. మందుల షాపులో అడిగి మాత్రలు తెచ్చుకున్నారు. ఊళ్ళో వైద్యం చేసే ఆయన ఒక కోర్సు యాంటీబయాటిక్ ఇచ్చారు. నెల తిరిగాక మరో కోర్సు ఇచ్చారు. కరక్కాయ బుగ్గన పెట్టుకున్నారు, మిరియాల పాలు తాగారు. నాలుగు నెలలు గడిచాయి. ఇప్పుడు అజాన్ మధ్యలో గొంతు విరిగిపోతోంది. పిల్లలకు వెనక వరుసలో ఏమీ వినబడటం లేదు. "వేరే ఆయనను చూసుకుందామా?" అన్న మాట కమిటీలో మొదలైంది.

ఆయన గొంతులో ఏముంది? ఎక్కువ వాడకం వల్ల స్వరతంతువుల మీద లేచిన చిన్న బొడిపెలు కావచ్చు. వాటికి ఆపరేషన్ అక్కర్లేదు, సరైన అభ్యాసంతో తగ్గుతాయి. లేదా క్యాన్సర్ మొదటి దశ కావచ్చు. అది ఇప్పుడు పట్టుకుంటే నయమవుతుంది, ఆరు నెలలు ఆగితే గొంతే తీసేయాల్సి రావచ్చు. బయటికి వినిపించే బొంగురు రెండింటిలోనూ ఒకటే. చెవితో విని తేడా చెప్పడం ఎంత పెద్ద డాక్టరుకైనా సాధ్యం కాదు. లోపల చూస్తేనే తెలుస్తుంది. ఆ చూడటానికి పట్టేది కొద్ది నిమిషాలు. మౌజన్ సాబ్ నాలుగు నెలలుగా మందులు వాడారు గానీ, ఆ కొద్ది నిమిషాల పరీక్ష మాత్రం జరగలేదు. ఈ వ్యాసమంతటిలో గుర్తుంచుకోవలసిన విషయం ఇదే.

గొంతు ఎలా పలుకుతుంది?

మెడ ముందు భాగంలో, మగవారిలో కాస్త పొడుచుకొచ్చినట్టు కనిపించే చోట స్వరపేటిక ఉంటుంది. దాని లోపల రెండు సన్నని మడతలు ఉంటాయి. వీటినే స్వరతంతువులు అంటారు. ఊపిరి పీల్చేటప్పుడు అవి విడిపోతాయి. మాట్లాడేటప్పుడు దగ్గరగా వస్తాయి. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలి వాటి మధ్య నుంచి పోతూ వాటిని కదిలిస్తుంది. మగవారిలో ఇవి సెకనుకు వందకు పైగా, ఆడవారిలో దాదాపు రెండు వందల సార్లు కొట్టుకుంటాయి. ఆ కదలిక నుంచి పుట్టిన ధ్వనిని గొంతు, నోరు, నాలుక, పెదవులు అక్షరాలుగా మలుస్తాయి.

తజ్వీద్ నేర్చుకున్నవారికి ఇది కొత్త కాదు. ఏ అక్షరం హల్ఖ్ నుంచి, ఏది నాలుక నుంచి, ఏది పెదవుల నుంచి వస్తుందో మఖారిజ్ పాఠంలో చెప్తారు. 11వ శతాబ్దంలోనే ఇబ్న్ సీనా అక్షరాల పుట్టుక గురించి ఒక చిన్న గ్రంథం రాసి, అందులో స్వరపేటిక నిర్మాణాన్ని, నాలుక నిర్మాణాన్ని వివరించారు. బతికున్న మనిషి గొంతులో తంతువులు ఎలా కదులుతాయో చూడగలిగింది మాత్రం చాలా కాలం తర్వాత. 1854లో మాన్యుయెల్ గార్సియా అనే సంగీత గురువు చిన్న అద్దం గొంతు వెనక పెట్టుకుని, సూర్యకాంతిలో తన స్వరతంతువులను తానే చూసుకున్నాడు. నేటి గొంతు పరీక్ష ఆ అద్దం నుంచే ఎదిగింది.

సెకనుకు వంద, రెండు వందల సార్లు ఒకదానికొకటి తగిలే మడతల మీద చిన్న వాపు వచ్చినా, ఒక బొడిపె లేచినా, ఒక వైపు మడత కదలకపోయినా గొంతు మారిపోతుంది. ఈ సున్నితత్వం మనకు మేలు కూడా చేస్తుంది. స్వరతంతువు మీద పుట్టిన క్యాన్సర్ చాలా చిన్నగా ఉన్నప్పుడే గొంతు మారి హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను మనం వినిపించుకోవాలి.

ఎందుకు పాడవుతుంది?

మొదటిది జలుబు, గొంతు వాపు. చాలామందిలో ఒకటి రెండు వారాల్లో తనంతట తానే తగ్గుతుంది. ఎక్కువగా వైరస్ వల్ల వచ్చేది కాబట్టి యాంటీబయాటిక్ దీనికి పని చేయదు.

రెండోది అతి వాడకం, తప్పుగా వాడటం. ఉపాధ్యాయులు, మదరసా ఉస్తాద్‌లు, మౌజన్‌లు, తరావీహ్ చదివించే హాఫిజ్ సాబ్‌లు, ఖవ్వాల్‌లు, కూరగాయల బండి మీద కేకలు వేసేవారు, ఆటో స్టాండులో పిలిచేవారు అందరూ ఇందులోకి వస్తారు. విశాఖ పోర్టులో, ఉక్కు ఫ్యాక్టరీలో, వర్క్‌షాపుల్లో యంత్రాల మోత మధ్య అరిచి మాట్లాడేవారు కూడా. చుట్టూ మోత ఉంటే మనకు తెలియకుండానే గొంతు పెంచుతాం. ఫ్రెంచి డాక్టరు లొంబార్డ్ వందేళ్ళ కిందటే దీన్ని గుర్తించాడు. అమెరికాలో అయోవా, యూటా రాష్ట్రాల్లో జరిపి 2004లో ప్రచురించిన సర్వేలో, అడిగిన నాటికి గొంతు సమస్య ఉన్నవారు ఉపాధ్యాయుల్లో 11 శాతం, ఇతరుల్లో సుమారు 6 శాతం ఉన్నారు. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఆ సమస్య వచ్చినవారు ఉపాధ్యాయుల్లో సగానికి పైగానే. అంటే ఇది ఒకరి బలహీనత అనుకోవడానికి లేదు. ఇది వృత్తితో వచ్చే జబ్బు.

మూడోది కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నడం. నాలుగోది నరం దెబ్బతినడం. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత కొందరికి ఒక వైపు స్వరతంతువు కదలదు. గొంతు గాలిపోయినట్టు వస్తుంది, నీళ్ళు తాగితే పొరబోతుంది. ఏ ఆపరేషనూ జరగకుండానే ఇలా అయితే ఛాతీలో, మెడలో ఏదైనా గడ్డ నరాన్ని నొక్కుతోందేమో స్కాన్‌లో చూడాలి. ఐదోది పార్కిన్సన్ వంటి నరాల జబ్బులు. వీటిలో గొంతు నెమ్మదిగా చిన్నదైపోతుంది. స్వరపేటికకు క్షయ సోకడం, థైరాయిడ్ తగ్గిపోవడం, ఉబ్బసానికి వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ తర్వాత నోరు పుక్కిలించకపోవడం కూడా కారణాలే.

ఒక్కోసారి లోపల ఏ జబ్బూ ఉండదు. పెద్ద దుఃఖం తర్వాత, భయం తర్వాత గొంతు హఠాత్తుగా ఆగిపోతుంది. ఆ మనిషి నటించడం లేదు. గొంతు కండరాలు బిగుసుకుపోయాయి. ఇలాంటివారు థెరపీతో బాగా కోలుకుంటారు. అలాగే పద్దెనిమిదేళ్ళు దాటినా చిన్నపిల్లల గొంతే ఉండిపోయిన యువకులు ఉంటారు. స్నేహితులు ఎగతాళి చేస్తే ఫోన్ ఎత్తడం మానేస్తారు, పెళ్ళి చూపులంటే తప్పించుకుంటారు. హార్మోన్ల లోపం లేదని తేలితే, చాలామందికి కొద్ది వారాల అభ్యాసంతోనే మగ గొంతు వచ్చేస్తుంది. ఇంత తేలిగ్గా బాగయ్యే సమస్యతో ఏళ్ళ తరబడి తల దించుకుని తిరగడం ఎంత అన్యాయం!

చివరిది, అన్నింటికన్నా ముందు తోసిపుచ్చవలసింది, క్యాన్సర్. బీడీ, సిగరెట్, చుట్ట దీనికి ప్రధాన కారణాలు. మన ఉత్తరాంధ్రలో చుట్టను వెలిగించిన వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు, అదే అడ్డపొగ, పల్లెల్లో పెద్ద వయసు ఆడవారిలో ఇంకా ఉంది. అది ముఖ్యంగా అంగిటిని కాలుస్తుంది. కాబట్టి వైద్య శిబిరంలో "పొగ తాగుతారా?" అన్న ప్రశ్న మగవారితో ఆపేయకూడదు. ఆడవారినీ అడగాలి, నోరూ చూడాలి.

ఎప్పుడు వెళ్ళాలి?

లెక్క సులువు. గొంతు బొంగురుపోయి మూడు వారాలైనా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరును కలవాలి. నాలుగు వారాలు దాటితే స్వరపేటికను చూడకుండా మందులతో కాలం గడపకూడదు. అమెరికాలోని చెవి, ముక్కు, గొంతు వైద్యుల అకాడమీ 2018లో ఇచ్చిన మార్గదర్శకం కూడా ఇదే చెప్తుంది. చూడకముందే యాంటీబయాటిక్‌లు, స్టెరాయిడ్‌లు మామూలుగా రాసేయవద్దని, చూడకముందే స్పీచ్ థెరపీ కూడా మొదలుపెట్టవద్దని అందులో ఉంది. గొంతు తొందరగా రావాలని తెలిసినవారి చేత స్టెరాయిడ్ మాత్రలు తెప్పించుకునేవారు ఇది గమనించాలి. షుగర్ ఉన్నవారికి ఆ మాత్రలు ఇంకా ప్రమాదం.

ఈ కింది లక్షణాల్లో ఏ ఒక్కటి ఉన్నా వారాలు లెక్కపెట్టకుండా వెంటనే వెళ్ళాలి:

ఊపిరి తీసుకునేటప్పుడు చప్పుడు రావడం, ఆయాసం. ఇలా ఉంటే అదే రోజు పెద్దాస్పత్రికే.
మింగడం కష్టం కావడం, నీళ్ళు పొరబోవడం.
ఉమ్మిలో రక్తం.
మెడలో గడ్డ.
గొంతు మార్పుతో పాటు ఒక వైపు చెవి నొప్పి.
కారణం లేకుండా బరువు తగ్గడం.
మెడ, ఛాతీ ఆపరేషన్ తర్వాత గాని, ఊపిరి గొట్టం వేశాక గాని గొంతు మారడం.
పొగ తాగేవారిలో వచ్చిన ఏ కొత్త బొంగురైనా.

పరీక్షలో ఏం చేస్తారు?

భయపడవలసింది ఏమీ లేదు. డాక్టరు ముందుగా ఎప్పటి నుంచి, ఏం పని చేస్తారు, పొగ, థైరాయిడ్, మందులు అంటూ వివరాలు అడుగుతారు. తర్వాత నోటి ద్వారా గట్టి గొట్టంతో గాని, ముక్కు ద్వారా సన్నని వంగే గొట్టంతో గాని లోపల చూస్తారు. మొన కెమెరా ద్వారా స్వరతంతువులు తెర మీద కనిపిస్తాయి. అవసరమైతే మందు చల్లి కాస్త తిమ్మిరి ఎక్కిస్తారు. "ఈ... ఈ..." అనమంటారు. ఓపీలో కూర్చునే అయిపోతుంది. కొన్ని చోట్ల స్ట్రోబోస్కోపీ కూడా ఉంటుంది. మినుకు మినుకుమనే దీపపు కాంతిలో తంతువుల కదలిక నెమ్మదిగా జరుగుతున్నట్టు కనిపిస్తుంది. దాంతో చిన్న తేడాలు కూడా బయటపడతాయి. అనుమానం ఉంటే ముక్క తీసి పరీక్షకు పంపుతారు.

తర్వాత స్పీచ్ థెరపిస్టు వంతు. గొంతు ఎంత బొంగురుగా, ఎంత గాలిపోతున్నట్టు, ఎంత బలహీనంగా, ఎంత బిగుసుకుని ఉందో విని మార్కులు వేస్తారు. ఒక్క ఊపిరిలో "ఆ..." అని ఎన్ని సెకన్లు పట్టి ఉంచగలరో కొలుస్తారు. ఆరోగ్యవంతులైన పెద్దవారు సాధారణంగా 15 సెకన్లకు పైగా ఉంచగలరు. "గొంతు వల్ల మీ పనికి, సంపాదనకు, నలుగురితో కలవడానికి ఎంత ఇబ్బంది?" అన్న ప్రశ్నలు ఉన్న పట్టీ నింపమంటారు. ఆ పట్టీ ముఖ్యమైనది. రెండు నెలల తర్వాత అదే పట్టీ మళ్ళీ నింపితే ఎంత మెరుగైందో అంకెల్లో తెలుస్తుంది.

వెళ్ళేటప్పుడు ఆధార్, రేషన్ కార్డు, పాత చీటీలు, వాడిన మందుల అట్టలు పట్టుకెళ్ళండి. ఇంకొకటి కూడా: ఫోన్లో పాత వీడియో ఏదైనా ఉంటే, నిరుటి అజాన్ గాని, పెళ్ళిలో మాట్లాడింది గాని, డాక్టరుకు వినిపించండి. మునుపటి గొంతు ఎలా ఉండేదో చెప్పడానికి అంతకన్నా మంచి సాక్ష్యం లేదు.

పర్దా పాటించే సోదరీమణుల కోసం ఒక మాట. ఈ పరీక్షకు ముఖం, మెడ వరకు తెరిస్తే చాలు. మహిళా డాక్టరు ఏ రోజు ఉంటారో ముందే కనుక్కోవచ్చు, తోడు మనిషిని గదిలో ఉంచమని అడగవచ్చు. మొహమాటంతో పరీక్ష మానుకోవద్దు.

స్పీచ్ థెరపీ అంటే ఏమిటి?

"మాట్లాడటం నేర్పించడానికి నేనేమైనా చిన్నపిల్లాడినా?" అని చాలామంది అంటారు. మోకాలు పట్టేస్తే ఫిజియోథెరపీ చేయించుకోమా? ఇది గొంతు కండరాలకు అలాంటిదే. మామూలుగా వారానికి ఒకటి చొప్పున ఆరు నుంచి ఎనిమిది సార్లు వెళ్ళాలి. ఇంటి దగ్గర రోజూ కాసేపు అభ్యాసం చేయాలి. మానేస్తే ఫలితం ఉండదు.

అందులో ఏం నేర్పుతారు? గొంతు మీద బరువు వేయకుండా ఊపిరి మీద మాటను నడిపించడం, మెడ, దవడ, భుజాల బిగువు వదిలించడం, పెదవులు మూసి "మ్..." అంటూ ముఖం ముందు భాగంలో కంపనం తెప్పించి, ఆ తేలికదనాన్నే మాటలోకి తీసుకురావడం నేర్పుతారు. సన్నని స్ట్రా గొట్టం లోకి స్వరం పలికించే అభ్యాసం ఒకటి ఉంది. చూడటానికి ఆటలా ఉంటుంది గాని, గొట్టంలో గాలి వెనక్కి నెట్టడం వల్ల తంతువులు గట్టిగా ఢీకొనకుండా కదులుతాయి. బొడిపెలకు ఇలాంటి థెరపీయే మొదటి చికిత్స. పాలిప్‌లు, తిత్తులు వంటివాటికి ఆపరేషన్ అవసరం కావచ్చు. అయినా థెరపీ లేకపోతే పాత అలవాటుతో మళ్ళీ పాడవుతుంది. ఒక వైపు తంతువు కదలనివారికి థెరపీ, ఇంజెక్షన్, ఆపరేషన్ అనే మార్గాలున్నాయి. పార్కిన్సన్ ఉన్నవారి కోసం నెల రోజుల్లో పదహారు సార్లు చేయించే ప్రత్యేక గొంతు శిక్షణ ఉంది.

థెరపిస్టు దగ్గరికి వెళ్ళేటప్పుడు భారత పునరావాస మండలి, అంటే ఆర్.సి.ఐ. రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. ఆ మండలి 1992 చట్టం కింద పని చేస్తుంది. అడగడంలో తప్పు లేదు, అది మీ హక్కు.

స్వరపేటిక తీసేసినవారికి

క్యాన్సర్ ముదిరినవారికి కొందరికి స్వరపేటిక పూర్తిగా తీసేయవలసి వస్తుంది. వారు మెడలోని రంధ్రం ద్వారా ఊపిరి తీసుకుంటారు. మాట శాశ్వతంగా పోయినట్టేనని కుటుంబం ఏడుస్తుంది. అలా అనుకోవద్దు. ఆహారనాళం ద్వారా మాట్లాడటం నేర్చుకోవచ్చు. మెడకు ఆనించి మాట్లాడే బ్యాటరీ పరికరం ఉంది. శ్వాసనాళానికి, ఆహారనాళానికి మధ్య అమర్చే చిన్న వాల్వు ఉంది. విదేశీ వాల్వుల ధర వేలల్లో ఉంటుంది, అరిగినప్పుడల్లా మార్చాలి. బెంగళూరుకు చెందిన క్యాన్సర్ సర్జన్ డాక్టర్ విశాల్ రావు సుమారు 50 రూపాయల ఖర్చుతో తయారయ్యే 'ఓమ్' వాల్వును రూపొందించారు. పేదవారి కోసం ఆలోచిస్తే ధర ఎంత తగ్గించవచ్చో దీన్నిబట్టి తెలుస్తుంది.

2016 వికలాంగుల హక్కుల చట్టం స్వరపేటిక తీసేయడం వల్ల వచ్చిన శాశ్వత లోపాన్ని మాట, భాషా వైకల్యం కింద గుర్తించింది. మన రాష్ట్రంలో సదరం శిబిరంలో పరీక్ష చేయించుకుని ధ్రువపత్రం పొందవచ్చు. ఈ సంగతి తెలియక దరఖాస్తు చేయనివారు మన చుట్టూ ఉండవచ్చు. వెతకండి.

మొదటి దశలో స్వరతంతువు క్యాన్సర్ పట్టుబడితే, పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి రేడియేషన్‌తో గాని, చిన్న ఆపరేషన్‌తో గాని జబ్బు అదుపులోకి వస్తుంది, గొంతు కూడా మిగులుతుంది. పది నిమిషాల పరీక్ష విలువ ఎంతో ఇప్పుడు లెక్క వేసుకోండి.

పద్మనాభం నుంచి ఎక్కడికి?

పద్మనాభం పేరు 1794 యుద్ధంతో చరిత్రలోకెక్కింది. నేటికీ అది పొలాలూ కూలి పనుల మీద బతికే పల్లెల మండలం. విజయనగరం అక్కడికి దగ్గర. 2023లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల అక్కడ ఉంది. తగరపువలస దగ్గర సంగివలసలో ప్రైవేటు వైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. విశాఖ వెళ్ళేవారికి పెదవాల్తేరులో ప్రభుత్వ ఈ.ఎన్.టి. ఆస్పత్రి ఉంది. అది చెవి, ముక్కు, గొంతు కోసమే ఉన్నది. 1923లో మొదలైన కింగ్ జార్జి ఆస్పత్రి ఎలాగూ అందరికీ తెలిసిందే. క్యాన్సర్ అని తేలితే అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఖరీదైన చికిత్సలకు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ కింద ఏవి వర్తిస్తాయో ఆస్పత్రిలోని వైద్యమిత్రను అడగాలి.

బయల్దేరే ముందు ఫోన్ చేసి మూడు విషయాలు కనుక్కోండి: ఓపీ ఏ రోజు? కెమెరాతో గొంతు పరీక్ష ఆ రోజు చేస్తారా? స్పీచ్ థెరపిస్టు ఏ రోజు ఉంటారు? ఈ మూడూ తెలియక వెళితే ఒక రోజు కూలి పోతుంది, పని కాదు, మళ్ళీ వెళ్ళబుద్ధి కాదు.

ఇంకా పై స్థాయి సలహా కావాలంటే మైసూరులో 1965లో ఏర్పడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. మనకు దగ్గరలో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియా, అలీగఢ్ విశ్వవిద్యాలయాలకు ఉపకులపతిగా, మహారాష్ట్ర గవర్నరుగా పని చేసిన నవాబ్ అలీ యావర్ జంగ్ పేరు మీద 1983లో ముంబైలో ఆ సంస్థ వెలిసింది. మొదటి పరీక్ష నేరుగా జరగాలి. థెరపీలో కొన్ని భాగాలు మాత్రం వీడియో కాల్‌లో కూడా చేయించుకోవచ్చు. ప్రతి వారం బస్సెక్కలేనివారు థెరపిస్టును ఈ మాట అడగాలి.

రోజూ పాటించవలసినవి

నీళ్ళు ఒకేసారి చెంబెడు కాకుండా రోజంతా కొద్దికొద్దిగా తాగాలి. రంజాన్‌లో ఇఫ్తార్ నుంచి సెహ్రీ వరకు ఆ లోటు తీర్చుకోవాలి. అర్ధరాత్రి నూనె పదార్థాలు తిని వెంటనే పడుకోవడం, సెహ్రీ తిని ఫజర్ కాగానే వాలిపోవడం కడుపు ఆమ్లాన్ని గొంతుకు తెస్తాయి. తల వైపు కాస్త ఎత్తు పెట్టుకోవాలి. పొగ పూర్తిగా మానాలి. రోజా ఉండగా పగలంతా మానగలిగినవారు తర్వాత కూడా మానగలరు. గొంతు బాగోలేనప్పుడు గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకుంటారు. చాలామందిలో అది కూడా శ్రమే. మెల్లగా, తక్కువగా మాట్లాడటం మేలు. మాటిమాటికీ గొంతు సవరించుకోకుండా ఒక గుక్క నీళ్ళు తాగాలి. ఉప్పునీళ్ళ పుక్కిలింత, మిరియాల పాలు హాయినిస్తాయి. కానీ మింగింది ఆహారనాళంలోకి పోతుందే తప్ప స్వరతంతువులకు తగలదు. అందుకే వాటితో బొడిపెలు కరగవు. దుఆ చేయించుకోండి, పరీక్ష కూడా చేయించుకోండి. ఒకటి రెండోదానికి అడ్డం కాదు.

మదరసాలో పిల్లలంతా ఒక్కసారి పైకి చదువుతుంటే ఉస్తాద్ సాబ్ వారి మీద అరుస్తూ నేర్పుతారు. చప్పట్లతో గాని, చిన్న గంటతో గాని నిశ్శబ్దం చేయించి తర్వాత మాట్లాడటం అలవాటు చేసుకోవాలి. నడుముకు కట్టుకునే చిన్న మైకు ఉంటే సగం శ్రమ తగ్గుతుంది. తరావీహ్‌లో ఇద్దరు హాఫిజ్‌లు పంచుకుంటే ఇద్దరి గొంతులూ నిలుస్తాయి.

దాతల చేయి ఎక్కడ అవసరం?

మనం సాధారణంగా ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాక డబ్బు ఇస్తాం. పెద్ద ఖర్చులకు ప్రభుత్వ పథకాలు కొంతవరకు ఆదుకుంటాయి. గొంతు రోగి జారిపోయేది అంతకు ముందు, ఆ తర్వాత. ముందు: పరీక్షకు వెళ్ళే రోజు కూలి, ఇద్దరికి బస్సు చార్జీ, ఏ గదికి వెళ్ళాలో చెప్పే మనిషి. తర్వాత: వరుసగా ఆరు వారాల ప్రయాణం. రెండో వారానికి చేతిలో డబ్బు అయిపోతుంది, "కాస్త నయమే కదా" అని మానేస్తాడు. థెరపీ పని చేయలేదని ఊరంతా చెప్తాడు. ఈ ఖర్చులేవీ బిల్లులో కనిపించవు. అందుకే దాత దృష్టికీ రావు.

కాబట్టి మన సొసైటీల్లో ఇలా చేయవచ్చు. గొంతు పరీక్షకు వెళ్ళేవారికి దారి ఖర్చు, పోయిన కూలి చిన్న నిధి నుంచి ఇవ్వాలి. ఆరు సార్లు థెరపీకి వెళ్ళేదాకా ఆ సాయం ఆపకూడదు. ఆస్పత్రిలో తోడుండే ఒక యువకుణ్ణి, ఒక సోదరిని తయారు చేయాలి. మసీదులకు, మదరసాలకు చిన్న మైకులు కొనివ్వాలి. మౌజన్ గొంతు బాగయ్యేదాకా మూడు నెలలు ఆయన జీతం ఆపకుండా, అజాన్ ఇంకొకరి చేత ఇప్పించేలా కమిటీలను ఒప్పించాలి. ఈ చివరిదానికి డబ్బు కన్నా పెద్దల మాట ఎక్కువ అవసరం. జకాత్ సొమ్ము ఎవరికి చెల్లుతుంది, ఏది సదకా నుంచి ఇవ్వాలి అన్నది ఉలమాను అడిగి చేయాలి. వైద్యంలో మతం చూడం కాబట్టి, ఊళ్ళో గొంతు పోయిన బడి పంతులమ్మ గాని, చేపల బుట్ట ఎత్తుకుని వీధుల్లో కేకేసే అమ్మ గాని మన గుమ్మానికి వస్తే అదే వరసలో నిలబెట్టాలి.

మొదట అనుకున్న మౌజన్ సాబ్ దగ్గరికి మళ్ళీ వద్దాం. రేపు ఫజర్‌కు మీ మసీదులో గొంతు విరిగితే "ఎన్నాళ్ళయింది భాయ్‌సాబ్ ఇలా?" అని అడగండి. మూడు వారాలు దాటిందంటే, ఆయన్ని వెంటబెట్టుకుని బస్సెక్కండి. అల్లాహ్ మన సాయాన్ని స్వీకరించుగాక. ఆమీన్.